చమురు సొమ్ము, ఓటు లెక్క, అడవి నష్టం

ఈక్వెడార్‌లో 15 కిలోల వంటగ్యాస్ సిలిండర్ ధర ఒక డాలరు 60 సెంట్లు. మన డబ్బులో నూట నలభై రూపాయల మాట. ఇరవై ఏళ్లకు పైగా ఎందరు అధ్యక్షులు వచ్చిపోయినా ఆ ధర కదల్లేదు. కొన్ని సిలిండర్లు దొంగదారిన సరిహద్దు దాటి పెరూకీ కొలంబియాకీ పోతాయి. కొన్ని కలిగినవారి ఈతకొలనుల్లో నీళ్లు కాచడానికి పోతాయి. పేరుకు మాత్రం అది పేదింటి పొయ్యికి ఇచ్చే సబ్సిడీ. ఇంకో విడ్డూరం ఏమిటంటే, ముడిచమురు ఎగుమతి చేసే ఆ దేశం తను వాడే వంటగ్యాస్‌లో ఎక్కువ భాగం బయటి దేశాల దగ్గర కొంటుంది. అమెజాన్ అడవి కింద తోడిన చమురు అమ్మడం, వచ్చిన డబ్బుతో గ్యాస్ కొనడం, కొన్న ధరలో చిన్న వంతుకు జనానికి ఇవ్వడం. ఈ గొలుసులో ఎక్కడ చెయ్యి పెట్టినా ఎవరో ఒకరు రోడ్డెక్కుతారు.

చమురున్న పేద దేశాల్లో అడవినీ నదినీ పాడుచేస్తున్నది ఎవరని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. వామపక్షీయులు బహుళజాతి కంపెనీల పేరు చెబుతారు. ఉదారవాద ఆర్థికవేత్తలు ఓట్ల కోసం ఖజానా కరిగించే జనాకర్షక నాయకుల పేరు చెబుతారు. గత యాభై ఏళ్ల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండు జవాబుల్లోనూ సగమే నిజం కనిపిస్తుంది. జెండా ఏ రంగుదైనా, బడ్జెట్ రాబడిలో పెద్ద భాగం ఒకే పద్దు నుంచి వస్తున్నప్పుడు చివరికి పాలించేది ఆ పద్దే. జనాకర్షక రాజకీయం దానికి ఒక కొత్త హంగు చేర్చింది: చమురు తోడకపోతే నష్టపోయేది తామేనని పేదవాళ్లు నమ్మే ఏర్పాటు చేసింది. అడవికి అసలు చిక్కు అక్కడ వచ్చింది.

ఈ చర్చకు శాస్త్రీయమైన మొదలు 1970లో దొరుకుతుంది. ఇరాన్ ఆర్థిక వ్యవస్థను పరిశీలించిన హొస్సేన్ మహ్దవీ, పన్నుల మీద కాకుండా భూమి కింది నుంచి వచ్చే అద్దె వంటి ఆదాయం మీద బతికే రాజ్యాల తీరు వేరని వాదించాడు. జనం దగ్గర పన్ను వసూలు చేయని ప్రభుత్వానికి జనానికి లెక్క చెప్పాల్సిన ఒత్తిడి తగ్గుతుంది. 1997లో టెర్రీ లిన్ కార్ల్ వెనిజులాను, 2012లో మైకేల్ రాస్ అనేక దేశాల గణాంకాలను ముందు పెట్టుకుని ఇదే దారిలో ఇంకా దూరం వెళ్లారు. ఎదురువాదమూ గట్టిదే. దేశాన్ని చమురు చెడగొట్టలేదు, చెడిపోయిన సంస్థలున్న దేశానికి వేరే పరిశ్రమ పెరగక చమురే దిక్కయిందని కొందరు గణాంకాలతోనే చూపించారు. ఏది ముందు, ఏది వెనక అన్నది నేటికీ తేలలేదు. తేలకపోయినా, వర్ధమాన దేశంలో అధికారంలోకి వచ్చిన ఏ నాయకుడికైనా రెండూ కలిసే ఎదురవుతాయి.

అడవి సంగతికొస్తే పరిశోధన ఊహించని వైపు తిరిగింది. స్వెన్ వుండర్ అనే ఆర్థికవేత్త 2003లో 'ఆయిల్ వెల్త్ అండ్ ద ఫేట్ ఆఫ్ ద ఫారెస్ట్' పేరుతో గాబన్, వెనిజులా, కామెరూన్, ఈక్వెడార్, పాపువా న్యూగినీ వంటి ఉష్ణమండల దేశాలను పోల్చి ఒక పుస్తకం రాశాడు. చమురు డబ్బు వచ్చిన చోట మొత్తం మీద అడవి నరికివేత తగ్గే అవకాశమే ఎక్కువ అన్నది అతని నిర్ధారణ. కారణం సులువే. చమురు డాలర్లు వస్తే దేశపు కరెన్సీ బలపడుతుంది, దిగుమతి తిండి చవకవుతుంది, సొంత వ్యవసాయం గిట్టుబాటు కాదు, పల్లె జనం పట్నం చేరతారు, పొలం కోసం అడవి కొట్టేవాడు కరవవుతాడు. గాబన్‌లో ఈనాటికీ ఎనభై అయిదు శాతానికి పైగా నేల అడవే. అక్కడ 2002లో అధ్యక్షుడు ఒమర్ బొంగో ఒక్క ఊపున 13 జాతీయ పార్కులు ప్రకటించగలిగాడంటే, ఆ భూమి కోసం కొట్టుకునే రైతులు లేకపోవడం కూడా ఒక కారణం. కాబట్టి చమురంటేనే అడవికి శత్రువని తేల్చేయడం తొందరపాటు. అయితే వుండర్ చూసిన దేశాల్లో ఈ సూత్రానికి లొంగనిది ఈక్వెడార్. అక్కడ చమురు డబ్బుతో పాటు చమురు రోడ్డూ వచ్చింది.

రోడ్డు కథ 1960లలో మొదలవుతుంది. 1964లో టెక్సాకో కంపెనీ ఈశాన్య అమెజాన్‌లో రాయితీ పొందింది. అదే ఏడాది భూసంస్కరణల చట్టం వచ్చింది. కొండప్రాంతాల భూస్వాముల భూములు గట్టిగా కదపడం కన్నా, భూమిలేనివారిని అడవిలోకి పంపడం పాలకులకు తేలికైంది. గొట్టపుమార్గం కోసం వేసిన బాట వెంట వాళ్లు వెళ్లారు. రోడ్డుకు అటూ ఇటూ చెట్లు కొట్టి సాగు చేసినవాడికి పట్టా ఇచ్చారు, కొట్టనివాడికి ఇవ్వలేదు. కోఫాన్, సియోనా, సెకోయా తెగల వేటభూములు ఆ విధంగా మాయమయ్యాయి. 1972లో చమురు పసిఫిక్ తీరానికి చేరినప్పుడు తొలి పీపాను రాజధాని క్విటో వీధుల్లో సైనిక లాంఛనాలతో ఊరేగించారు. పాలిస్తున్నది సైనిక ప్రభుత్వం. ఎన్నికలు లేని పాలకుడు సైతం చమురును జనానికి పండుగగా చూపించక తప్పలేదన్నమాట.

పండుగ కింద పేరుకున్నది లాగో అగ్రియో అనే చమురు పట్నం చుట్టుపక్కల ఇప్పటికీ కనిపిస్తుంది. చమురుతో పాటు పైకొచ్చే ఉప్పు విషజలాన్ని తిరిగి భూమిలోకి పంపకుండా వాగుల్లో వదిలారు. మురుగును అడుగున ఏ పూతా లేని గుంతల్లో నిలవేశారు. అలాంటి గుంతలు వందల్లో. గొట్టాలు రోడ్డు పక్కన, ఇళ్ల గుమ్మాల ముందు, నేల మీదే పరుచుకుని పోతాయి. గ్యాస్ మంటలు రాత్రీ పగలూ మండుతూనే ఉంటాయి. ఆ మంటలు ఆపించమని తొమ్మిది మంది బాలికలు వేసిన కేసులో 2021 జనవరిలో సుకుంబియోస్ రాష్ట్ర న్యాయస్థానం వారి పక్షాన తీర్పిచ్చింది. అంతకు ముందు 2011లో, టెక్సాకోను కొనేసిన షెవ్రాన్ మీద ఈక్వెడార్ కోర్టు భారీ జరిమానా వేసింది. పై కోర్టులో అది 950 కోట్ల డాలర్ల దగ్గర స్థిరపడింది. 2014లో న్యూయార్క్ కోర్టు ఆ తీర్పును మోసంతో సంపాదించారని తేల్చింది. షెవ్రాన్ ఆ సొమ్ము కట్టలేదు. కంపెనీని తిట్టేటప్పుడు మనవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. 1970ల చివరి నుంచి, టెక్సాకో భాగస్వామిగా ఉన్న కన్సార్షియంలో పెద్ద వాటా ఈక్వెడార్ ప్రభుత్వ సంస్థదే, టెక్సాకో వెళ్లిపోయాక బావులు నడిపిందీ ఆ సంస్థే. జాతీయం చేసినంత మాత్రాన గుంత అడుగున సిమెంటు పడలేదు.

ఈ నేపథ్యంలో 2007లో రఫాయెల్ కొరెయా అధ్యక్షుడిగా వచ్చాడు. అమెరికాలో డాక్టరేట్ చేసిన ఆర్థికవేత్త, మాటకారి, ప్రతి శనివారం గంటల తరబడి టీవీలో జనంతో మాట్లాడేవాడు. తొలి ఏడాదిలోనే ఐక్యరాజ్య సమితిలో ప్రపంచం ఎన్నడూ వినని ప్రతిపాదన పెట్టాడు. యాసునీ జాతీయ పార్కు కింద ఇష్పింగో, తంబోకోచా, తిపుతీని క్షేత్రాల్లో సుమారు 84.6 కోట్ల పీపాల చమురుంది. దేశపు నిల్వల్లో అది అయిదో వంతు. దాన్ని ముట్టుకోం, మాకు వచ్చే ఆదాయంలో సగం, అంటే 360 కోట్ల డాలర్లు, పదమూడేళ్లలో ప్రపంచం ఇవ్వాలి అన్నాడు. ఈ ఆలోచన వెనక అప్పటి ఇంధన మంత్రి అల్బెర్తో అకోస్తా ఉన్నాడు, ఆయన వెనక పర్యావరణ ఉద్యమాలున్నాయి.

యాసునీ గురించి ఒక్క సంగతి చెబితే చాలు. అక్కడ ఒక హెక్టారులో, అంటే మన రెండున్నర ఎకరాల్లో, శాస్త్రవేత్తలు లెక్కపెట్టిన చెట్ల జాతులు 650కి పైనే.  బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకున్న తగాయేరి, తరోమెనానె జనం ఉండేదీ ఆ అడవుల్లోనే.

2008 రాజ్యాంగంలో ఈక్వెడార్ ప్రకృతికి హక్కులు రాసుకుంది. ఏ దేశ రాజ్యాంగమూ అంతకు ముందు ఆ పని చేయలేదు. ఆ కాలంలోనే చైనా నుంచి, చమురు సరఫరా హామీగా, వందల కోట్ల డాలర్ల అప్పులూ మొదలయ్యాయి. ఒక చేత్తో హక్కులు, ఇంకో చేత్తో తాకట్టు. కొరెయా చేసిన మేలును తక్కువ చేయడానికి లేదు. పేదరికం 2007లో సుమారు 37 శాతం ఉండేది, ఆయన దిగిపోయే నాటికి 23 శాతం చుట్టూ చేరింది. రోడ్లు, బడులు, ఆసుపత్రులు లేచాయి. పేద కుటుంబాలకు నెలనెలా ఇచ్చే నగదు 15 డాలర్ల నుంచి 30కి, 35కి, 2013 ఎన్నికల ముందు 50కి పెరిగింది. పీపా చమురు వంద డాలర్లు పలికిన రోజులవి. ఆ రేటు ఉన్నంతకాలం అడవీ పేదలూ ఇద్దరూ సంతోషంగా ఉండొచ్చన్న భ్రమ నిలిచింది.

ప్రపంచం మాత్రం డబ్బు పెట్టలేదు. మొదట సానుకూలంగా ఉన్న జర్మనీ, మంత్రి మారాక వెనక్కి తగ్గింది. ఏమీ చేయకుండా ఉన్నందుకు డబ్బిస్తే రేపు అందరూ అడుగుతారన్నది వారి బెంగ. ఆరేళ్లలో నిజంగా చేతికందినది కోటీ ముప్పై లక్షల డాలర్ల చిల్లర. 2013 ఆగస్టు 15న ప్రపంచం మమ్మల్ని దగా చేసిందని చెప్పి కొరెయా పథకం రద్దు చేశాడు. పార్కులో వెయ్యోవంతు నేలనే తాకుతామని హామీ ఇచ్చాడు. సుమారు నెల తర్వాత అదే కొరెయా అగ్వారికో-4 అనే పాత బావి దగ్గరి మురుగు గుంతలో చెయ్యి ముంచి, నల్లటి అరచేతిని కెమెరాలకు చూపి, షెవ్రాన్ పాపాన్ని ప్రపంచానికి చాటాడు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. అందులో అబద్ధం లేదు, గుంత నిజమే. కానీ ఆగస్టు ప్రకటన పక్కన సెప్టెంబరు ఫొటో పెట్టి చూసినవాడికి జనాకర్షక రాజకీయపు పూర్తి రూపం కనబడుతుంది. పాత కాలుష్యానికి పరాయి దొంగ ఉంటాడు, కొత్త తవ్వకానికి పేదల పేరుంటుంది. వ్యతిరేకించినవారిని ఆయన పసితనపు పర్యావరణవాదులన్నాడు. బంగారు మూట మీద కూర్చుని బిచ్చమెత్తలేమన్నాడు. 2016లో తిపుతీనిలో డ్రిల్లింగ్ మొదలైంది.

కొరెయాను ఒక్కణ్నే నిలబెట్టి తిట్టడం అన్యాయం. బొలీవియాలో ఎవో మొరాలెస్ కథ దీనికి కవల. 2006 మే 1న గ్యాస్ క్షేత్రాలను జాతీయం చేశాడు. ఆ డబ్బుతో బడిపిల్లలకు సాయం, వృద్ధులకు పింఛను ఇచ్చాడు. 2010లో భూమాత హక్కుల చట్టం తెచ్చాడు. మరుసటి ఏడాది టిప్నిస్ అనే రక్షిత ఆదివాసీ ప్రాంతం గుండా హైవే వేయబోయాడు. వ్యతిరేకిస్తూ నడిచి వస్తున్న ఆదివాసులను సెప్టెంబరులో పోలీసులు చావబాదారు. తొలి ఆదివాసీ అధ్యక్షుడి పాలనలో ఆదివాసుల మీద లాఠీ. 2015లో రక్షిత ప్రాంతాల్లో చమురు అన్వేషణకు డిక్రీ కూడా ఇచ్చాడు. ఇదే మొరాలెస్ 2010 డిసెంబరు 26న పెట్రోలు, డీజిలు ధరలు ఒక్కసారిగా పెంచితే దేశం అట్టుడికింది. 31వ తేదీకల్లా వెనక్కి తీసుకున్నాడు. ఉరుగ్వే పరిశోధకుడు ఎదువార్దో గుదినాస్ తవ్వి పంచే ఈ తీరునే కొత్త తవ్వకవాదం అన్నాడు: పాత పాలకులు తవ్వి లాభం ఎగుమతి చేసేవారు, కొత్త పాలకులు తవ్వి లాభంలో కొంత పంచుతారు. పంచడం వల్లనే తవ్వకానికి నైతిక బలం వస్తుంది. ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంతకన్నా సూటి పరిశీలన లేదు.

వెనిజులా గురించి అందరికీ తెలిసింది మళ్లీ చెప్పను. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ స్థాపకుల్లో ఒకడైన పెరెస్ అల్ఫోన్సో తన చివరి రోజుల్లో చమురే తమ దేశాన్ని ముంచుతుందని హెచ్చరించాడు. 1989 ఫిబ్రవరిలో పెట్రోలు ధర, దానితో బస్సు చార్జీలు పెరిగితే కారకాస్ భగ్గుమంది, వందల మంది చనిపోయారు. ఆ భయం ఎంతటిదంటే, తర్వాత వచ్చిన ఛావెజ్ తన పద్నాలుగేళ్లలో పెట్రోలు ధర ముట్టుకోలేదు. 1990ల ధరను కదిపింది 2016లో అతని వారసుడు మదురో. మంచినీళ్ల సీసా కన్నా పెట్రోలు చవకగా ఉన్న దేశంలో పొదుపు గురించి ఎవరికి చెబుతారు? 2002-03 సమ్మె తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ నుంచి దాదాపు 18 వేల మందిని తీసేశారు. నిర్వహణ తెలిసినవాళ్లు పోయాక మరకైబో సరస్సు కింది పాత గొట్టాలు కారడం మామూలైంది. ఛావెజ్ తొలి రోజుల్లో రోజుకు ముప్పై లక్షల పీపాలు తీసిన దేశం 2020లో అయిదు లక్షల కిందికి దిగింది.

పర్యావరణం లెక్కలో చూడాల్సింది ఆ పతనం తర్వాత జరిగిన పని. చమురు తగ్గితే అడవికి ఊపిరి వస్తుందని కదా అనుకుంటాం. 2016 ఫిబ్రవరిలో మదురో ఓరినోకో నదికి దక్షిణాన లక్షా పదకొండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా, దేశంలో సుమారు 12 శాతం నేలను బంగారం తవ్వకాలకు తెరిచాడు. అది మన తెలంగాణ విస్తీర్ణం కన్నా కొంచెం తక్కువ, అంతే. పాదరసం నదుల్లో కలిసింది, సాయుధ ముఠాలు గనులు పంచుకున్నాయి. చమురు పద్దు ఎండిపోతే ప్రభుత్వం ఇంకో పద్దు వెతుక్కుంటుంది. వుండర్ సూత్రం తిరగబడితే ఎలా ఉంటుందో ఇక్కడ చూడవచ్చు.

నైజీరియాది ఇంకో రకం. అక్కడ పంపకం కూడా సరిగా జరగలేదు. 1956లో ఒలొయిబిరిలో చమురు పడింది. ఒగోనీ ప్రజల తరఫున నిలబడ్డ రచయిత కెన్ సారో-వివాను సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది. 2011లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం ఒగోనీ ప్రాంతాన్ని పరీక్షిస్తే, ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లు కనిపించింది. పూర్తిగా శుభ్రం కావడానికి ముప్పై ఏళ్లు పట్టవచ్చన్నారు. ఒక్క బోదో గ్రామంలో 2008 నాటి చిందులకు షెల్ 2015లో అయిదున్నర కోట్ల పౌండ్లు చెల్లించింది. సగటు నైజీరియన్‌కు చమురుతో అప్పట్లో ఉన్న ఒకే అనుబంధం చవక పెట్రోలు. అందుకే 2012 జనవరి 1న సబ్సిడీ ఎత్తేస్తే లీటరు 65 నైరాల నుంచి రెట్టింపు దాటి, దేశమంతా స్తంభించింది, ప్రభుత్వం సగం వెనక్కి తగ్గింది. నాయకులు తిన్నదంతా తినగా మాకు మిగిలింది ఇదొక్కటే, ఇదీ లాక్కుంటారా అన్నది జనం ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా సబ్సిడీల వల్ల వాతావరణానికి చేటని పాఠం చెబితే ఎవరూ వినరు. 2023లో కొత్త అధ్యక్షుడు టినుబు ఆ సబ్సిడీని చివరికి తీసేశాడు. ఆ భారం మోసింది మళ్లీ పేదలే.

చమురు డబ్బుకు బయటినుంచి తాళం వేయొచ్చా? చాద్‌లో ప్రపంచ బ్యాంకు ఆ ప్రయోగం చేసింది. కామెరూన్ తీరం దాకా గొట్టం వేయడానికి అప్పిస్తూ, ఆదాయంలో పదో వంతు భావితరాల నిధికి, మిగతాలో అధికభాగం విద్య, వైద్యం వంటి రంగాలకు అని చట్టం చేయించింది. 2003లో చమురు పారింది. 2006 మొదట్లోకల్లా అధ్యక్షుడు దెబీ ఆ నిధిని రద్దు చేశాడు. 2008లో బ్యాంకు తప్పుకుంది. చాద్ గురించి ఇంతకు మించి రాయడానికి లేదు.

ఇటీవలి రెండు ఉదాహరణలు వింతగా ఉంటాయి. ఎనిమిది లక్షల జనాభా ఉన్న గయానాలో 85 శాతం అడవి. 2015లో సముద్రంలో చమురు దొరికింది, 2019 డిసెంబరు నుంచి ఉత్పత్తి మొదలైంది. అడవిని నిలిపినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్లను 2022లో కనీసం 75 కోట్ల డాలర్లకు కొనడానికి ముందుకొచ్చిన కంపెనీ హెస్, అప్పుడు అదే గయానా చమురులో వాటాదారు. 2024లో ప్రభుత్వం వయోజనులందరికీ లక్ష గయానా డాలర్ల చొప్పున నగదు ప్రకటించింది. ఎన్నికలు మరుసటి ఏడాది. బ్రెజిల్‌లో అడవి నరికివేతను నిజంగా తగ్గించిన అధ్యక్షుడు లూలా, అమెజాన్ నది సముద్రంలో కలిసే చోటికి దూరంగా లోతు నీళ్లలో చమురు వెతకాలని పట్టుబట్టాడు. 2023 మేలో పర్యావరణ సంస్థ ఇబామా కాదంది. 2025 అక్టోబరులో అనుమతి వచ్చింది, బెలెం నగరంలో వాతావరణ సదస్సు జరగడానికి కొద్ది వారాల ముందు. వచ్చే డబ్బుతోనే హరిత ఇంధనానికి మారతామని లూలా వాదన. బ్రెజిల్ అడవుల రక్షణకు 2008లో పెట్టిన అమెజాన్ నిధికి అందరికన్నా ఎక్కువ ఇచ్చిన దేశం నార్వే, దాని సంపద ఎక్కడిదో తెలిసిందే. నార్వే చేస్తే తప్పులేనిది మేము చేస్తే తప్పా అని దక్షిణ దేశాలు అడిగితే అందులో న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని కవచంగా వాడుకునే నాయకులున్నారన్నదీ అంతే నిజం.

మన దగ్గర సంగతి తిరగేసిన బొమ్మ. ముడిచమురులో ఎనభై అయిదు శాతానికి పైగా కొనుక్కునే దేశం మనది. కాబట్టి ఇక్కడ ప్రభుత్వాలు పెట్రోలు చవకగా ఇచ్చి ఓట్లు అడగవు, పెట్రోలు మీద పన్ను వేసి ఆ డబ్బుతో పథకాలు నడుపుతాయి. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌దీ దేశంలో పై వరసలోనే. అక్కడ సంక్షేమం చమురు బావి మీద, ఇక్కడ పెట్రోలు బంకు మీద ఆధారపడింది. రెండు చోట్లా ప్రభుత్వానికి చమురు వాడకం తగ్గడం గిట్టదు. చమురు బావి పక్క బతుకు ఎలా ఉంటుందో మాత్రం కోనసీమకు తెలుసు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి తెల్లవారుజామున నిద్రలేచిన ఊరు బుగ్గయింది. కొబ్బరితోటల మధ్య ఆ గొట్టాలు పోతున్నాయి. గ్యాస్ ఎక్కడికి పోతుంది, డబ్బు ఎవరికి పోతుంది అని అక్కడివారు అడిగే ప్రశ్న లాగో అగ్రియోలో అడిగే ప్రశ్నే.

ఇన్ని ఓటముల మధ్య ఒక గెలుపు ఉంది, అదీ యాసునీదే. కొరెయా పథకం రద్దు చేశాక 'యాసునీదోస్' పేరుతో యువతీయువకులు రిఫరెండం కోరుతూ 2014లో ఏడున్నర లక్షల సంతకాలు తెచ్చారు. ఎన్నికల సంఘం కాగితం కొలత మొదలుకొని రకరకాల సాకులతో సగానికి పైగా కొట్టేసింది. వాళ్లు వదలకుండా కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకుంది. ఆగస్టు 20న అధ్యక్ష ఎన్నికతో పాటు ఓటింగు జరిగితే, సుమారు 59 శాతం మంది ఆ క్షేత్రాల చమురు భూమిలోనే ఉండాలన్నారు. అప్పటికి అక్కడ రోజుకు యాభై వేలకు పైగా పీపాలు తీస్తున్నారు. నడుస్తున్న బావులను మూయమని ఒక పేద దేశపు ప్రజలు ఓటేయడం అంతకు ముందు చూడనిది.

ఈ గెలుపును మెచ్చుకునేవాళ్లు ఒక అంకెను దాటేస్తుంటారు. యాసునీ ఉన్న ఒరెయానా రాష్ట్రంలో తవ్వకం ఆపొద్దన్నవారే ఎక్కువ. అక్కడ చమురు కంపెనీలో కూలి తప్ప చెప్పుకోదగ్గ జీతం లేదు. వవోరానీ ఆదివాసుల ఊళ్లే రెండుగా చీలాయి, కొన్ని కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నాయి, కొన్ని కేసులు గెలిచాయి. అడవిని కాపాడమని ఓటేసిన క్విటో వాసికి ఆ ఓటు వల్ల ఉద్యోగం పోదు. పరిరక్షణ కోరే మధ్యతరగతి ఈ లెక్కను ఒప్పుకోకుండా ఎంత గొంతు చించుకున్నా, బావి పక్కనున్నవాడు కంపెనీ వైపే నిలబడతాడు. ప్రత్యామ్నాయ జీతం ఎక్కడినుంచి వస్తుందో బావి మూతకు ముందే తేల్చాలి.

ఆ తర్వాత గద్దెనెక్కిన దానియెల్ నొబోవా వ్యాపార కుటుంబపు వాడు, కొరెయాకు రాజకీయ విరోధి. తేడా ఉంటుందనుకున్నవారికి తేడా కనిపించలేదు. 2025 జులైలో పర్యావరణ శాఖను ఇంధన, గనుల శాఖలో కలిపేశాడు. ఆ సెప్టెంబరులో డీజిలు సబ్సిడీ తీసేసి గ్యాలన్ ధర 1.80 డాలర్ల నుంచి 2.80కి తెచ్చాడు, ఆదివాసీ సంఘాలు సమ్మెకు దిగాయి. ప్రకృతి హక్కులున్న రాజ్యాంగాన్నే మార్చడానికి నవంబరులో ప్రజల అనుమతి అడిగితే వాళ్లు కాదన్నారు. చమురు పద్దు మీద నాయకుల కన్నా జనానికే కాస్త అదుపు ఉందని చెప్పడానికి ఈ రెండు ఓట్లే ఇప్పటికున్న సాక్ష్యం. 2023 తీర్పు ప్రకారం యాసునీ బావుల మూత, యంత్రాల తొలగింపు ఏడాదిలో ముగియాలి. 2024 ఆగస్టులో ఒక బావి మూసి, మిగిలిన పనికి 2029 దాకా గడువు కావాలని ప్రభుత్వం చెప్పింది.